అప్‌డేట్: బాబు తీరని ఆకలికి కారణం మేనరికం కాదు

గత వేసవిలో అడిగాను: మూడున్నరేళ్ల మా బాబుకు ఎంత పెట్టినా ఆకలి తీరదు, పుట్టినప్పుడు పాలు పీల్చే శక్తి కూడా లేదు, క్రోమోజోముల పరీక్ష మామూలుగానే వచ్చింది, ఇదంతా మా మేనరికం వల్లేనా అని. "మిథైలేషన్ పరీక్ష చేయించారా?" అని ఒక్క ముక్క రాసినవారికి రుణపడి ఉంటాను (జన్యువులను ఆపేసే మిథైల్ అనే రసాయన గుర్తులను చూసే పరీక్ష అది).

గుంటూరులో పిల్లల డాక్టరు చీటీ రాస్తే విజయవాడలో జన్యు వైద్యురాలిని కలిశాం. ఆ రక్తపరీక్షలో ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ అని తేలింది, తీరని ఆకలి కలిగించే జన్యు సమస్య అది. 15వ క్రోమోజోములో ఒకచోట కొన్ని జన్యువులు తండ్రి నుంచి వచ్చిన ప్రతిలోనే పనిచేస్తాయట. తల్లి ప్రతిలో అవే జన్యువులు మిథైల్ గుర్తులు పడి నోరు మూసుకుని ఉంటాయి. మా వాడిలో తండ్రి వైపు ముక్కే ఊడిపోయింది. తల్లిగా నా నుంచి వచ్చినవి చెక్కుచెదరకుండా ఉండీ పలకవు. మామూలు క్రోమోజోముల పరీక్షకు ఇంత చిన్న లోపం దొరకకపోవచ్చట.

మేనరికానికి దీనితో సంబంధం లేదు. ఆ లోపం కొత్తగా ఏర్పడింది. మా ఇద్దరి పరీక్షలూ బాగున్నాయి కాబట్టి మరో బిడ్డకు వచ్చే అవకాశం 1 శాతం కంటే తక్కువన్నారు. ఈ మాట మా అత్తయ్యకు (మేనత్త కూడా ఆవిడే) డాక్టరు చేతనే రెండుసార్లు చెప్పించాను. నులిపురుగులో థైరాయిడో కారణమేమో అన్నవారికి: నులిపురుగుల మందుతో ఏ తేడా లేదు, థైరాయిడ్ బాగానే ఉంది.

గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు మొదలయ్యాయి. వంటింటికి గొళ్లెం, బియ్యం డబ్బాకు తాళం పెట్టాం. మొన్న తాళం మరిచిపోతే డబ్బా పక్కన కూర్చుని పచ్చి బియ్యం నములుతున్నాడు. ఇదివరకైతే కొట్టేదాన్ని.