అప్‌డేట్: ఏడో నెలలో యాంటీబయాటిక్, రక్తం పలచబడే ఇంజెక్షన్ కలిపి వాడొచ్చా?

మా చెల్లికి ఏడో నెల. రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్ట మీద ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్ చేసుకుంటోంది. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి సెఫాలెక్సిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే టెన్షన్ పడి ఇక్కడ అడిగాను. గుంటూరు బ్రాడీపేటలో డాక్టరమ్మకి చూపించాం.

పేగుల్లోని బ్యాక్టీరియా కొంత విటమిన్ కె తయారుచేస్తుందట. యాంటీబయాటిక్ ఎక్కువ రోజులు వాడితే, అందులోనూ తిండి సరిగా తినకపోతే, అది తగ్గి రక్తం గడ్డకట్టడం ఆలస్యం కావచ్చు. రక్తం పలచబడటానికి వార్‌ఫరిన్ మాత్రలు వాడేవాళ్లకు ఇది పెద్ద విషయమే, ఆ మందు పనిచేసేదే విటమిన్ కె మీద. ఎనాక్సాపరిన్ దారి వేరు. మాయ దాటి బిడ్డకు చేరదు కూడా!

రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూసే పీటీ, ఐఎన్ఆర్ టెస్టులు నార్మల్ వచ్చాయి. కోర్సు పూర్తయింది. ఇన్ఫెక్షన్ వదిలేస్తేనే కిడ్నీలకు పాకుతుందన్నారు. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, ఒంటి మీద ఊరికే కమిలినా వెంటనే రమ్మన్నారు. ఆరోజు ధైర్యం చెప్పిన అందరికీ థ్యాంక్స్.