కుక్కపిల్ల రాత్రి ఏడిస్తే దగ్గరకు వెళ్లాలా, వదిలేయాలా?

మూడోరాత్రి:
ఎనిమిది వారాల పిల్లను తెచ్చుకుని ఇవాళ్టికి మూడు రోజులు. పగలంతా బంగారం. తింటుంది, కాసేపు ఆడుతుంది, ఆడుతూ ఆడుతూ నా చెప్పు మీదే తల పెట్టి నిద్రపోతుంది. రాత్రి లైటు తీసి తలుపు వేశామంటే చాలు, కుయ్ కుయ్‌మని మొదలుపెట్టి కాసేపటికి పెద్ద ఏడుపులోకి దిగుతుంది. మా అన్నయ్యేమో "ఒక్కసారి వెళ్లావంటే అయిపోయావు, ఏడిస్తే మనిషి వస్తాడని నేర్చేసుకుంటుంది" అంటాడు.

నిన్న రాత్రి రెండింటికి ఇక ఆగలేక లేచాను. లోపలికి వెళ్లకుండా తలుపు బయట నేల మీద కూర్చున్నాను. తలుపు కింద సందులోంచి చిన్న నల్లటి ముక్కు బయటికి వచ్చింది. నా వేలు వాసన చూసింది. అంతే, ఏడుపు ఆగిపోయింది. నేను లేవబోతే మళ్లీ మొదలు. తెల్లారేదాకా అక్కడే ఉన్నాను. నేను చేసింది తప్పా? నిద్రలేక కళ్లు మండుతున్నాయి గానీ, అంతకంటే దాన్ని చేతులారా పాడుచేస్తున్నానేమో అన్న టెన్షనే ఎక్కువగా ఉంది.

పాతకాపు:
మీ అన్నయ్య చెప్పిందే నిజమండి. చేదుగా ఉన్నా నా అనుభవం వినండి. మొదటి కుక్కను నేను మంచం పక్కన కాదు, మంచం మీదే పడుకోబెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి నేను అరగంట బయటికి వెళ్లొచ్చేలోపు తలుపు అంచు కొరికేసేది. ఒకరోజు వచ్చి చూస్తే ముందు కాళ్ల గోళ్లు విరిగి, చెక్క మీద రక్తపు గీతలు. ఆ తలుపు ఇప్పటికీ మార్చలేదు. రెండోదాన్ని మొదటి రాత్రి నుంచే వేరే గదిలో ఉంచాను. నాలుగో రాత్రికి హాయిగా పడుకుంది. దానికి ఇప్పుడు ఆరేళ్లు, ఇంట్లో ఒక్కటే ఉన్నా నిద్రపోతుంది.

ఇంకోటి. ఒక రాత్రి వెళ్లి, ఒక రాత్రి వెళ్లకపోవడం అన్నిటికంటే చెడ్డది. "ఇంకాస్త ఏడిస్తే వస్తారేమో" అని దానికి పట్టుదల నేర్పినట్టే. ఏదో ఒకటి తేల్చుకుని దాని మీద నిలబడండి.

అర్ధరాత్రి అలారం:
పాతకాపు గారూ, ఆ చివరి మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోలేను.

మొన్నటిదాకా ఆ పిల్ల ఎలా పడుకుంది? తల్లి పొట్టకు ఆనుకుని, నలుగురైదుగురు తోబుట్టువుల కుప్పలో. ఇప్పుడు వాసన కొత్త, చప్పుడు కొత్త, పక్కన వెచ్చగా ఎవరూ లేరు. తప్పిపోయిన పిల్ల అరిస్తేనే తల్లి వెతుక్కుంటూ వస్తుంది. ఆ అరుపు పంతం కాదు, పుట్టుకతో వచ్చింది. కుక్కపిల్లల ఎదుగుదల మీద ఏళ్ల తరబడి పనిచేసిన జాన్ పాల్ స్కాట్ బృందం ప్రయోగాల్లో కూడా, ఒంటరిగా ఉంచిన పిల్లలు అలవాటైన చోట కంటే కొత్తచోట ఎక్కువగా అరిచాయి. మన ఇల్లు మనకు ఇల్లే. దానికి ఇంకా కొత్తచోటే.

నాలుగో రాత్రికి ఏడుపు ఆగిందన్నారు. ధైర్యం వచ్చి ఆగిందా, అరిచినా ఎవరూ రారని తెలిసి ఆగిందా? తలుపు ఇవతల నుంచి మనకు రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి. మీ రెండోది బాగానే పెరిగింది, సంతోషం. కానీ మీ మొదటి కుక్క విషయంలో ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. పగలు దాన్ని ఎప్పుడైనా ఒంటరిగా ఉంచారా? రాత్రి పక్కన పడుకున్నందుకు కుక్క అలా అవదని నా నమ్మకం. పగలూ రాత్రీ ఒక్క నిమిషం కూడా మనిషి లేకుండా ఉండటం నేర్వకుండానే పెరిగి, ఒకరోజు ఉన్నట్టుండి అరగంట ఒంటరిగా మిగిలితే అవుతుంది.

మూడోరాత్రి గారూ, నేను చేసేది చెప్తాను. క్రేట్ (కుక్క పడుకోవడానికి అమ్మే తలుపున్న పెట్టె) గానీ గట్టి అట్టపెట్టె గానీ మంచం పక్కన, చెయ్యి చాపితే అందేలా పెట్టండి. అది లేచి నిలబడటానికి, తిరగడానికి, కాళ్లు చాపుకోవడానికి చోటుంటే చాలు. మరీ పెద్దదైతే ఒక మూల టాయిలెట్ చేసి ఇంకో మూల పడుకుంటుంది. తల్లి దగ్గర పరిచిన గుడ్డ ముక్క ఏదైనా దొరికితే అందులో వేయండి. కదిలితే రెండు వేళ్లు లోపల పెట్టండి. మీరు తలుపు బయట చేసింది సరిగ్గా ఇదే కదా.

ఇక మూత్రం సంగతి. నెలల వయసుకు ఒకటి కలపండి, సుమారుగా అన్ని గంటలే ఆపుకోగలదు. మీదానికి మూడు. రాత్రి ఎనిమిది గంటలు తలుపు వేసి "మొండిగా ఏడుస్తోంది" అనడం న్యాయమేనా? అది ఏడ్చేదాకా ఆగకుండా అలారం పెట్టుకుని మీరే ముందు లేవండి. పెద్ద లైటు వద్దు, మాటలు వద్దు, ఆట అసలే వద్దు. ఎత్తుకుని ఎప్పుడూ తీసుకెళ్లే చోటికే తీసుకెళ్లండి, పని కాగానే మెల్లగా ఒక్క "శభాష్", మళ్లీ పక్కలోకి. వారం గడిచి కుదురుకున్నాక పెట్టెను రెండు రోజులకోసారి ఒక అడుగు తలుపు వైపు జరపండి.

ఒంటరితనం పగలు నేర్పండి. కడుపునిండా తిని, టాయిలెట్ అయ్యి, కళ్లు మూతలు పడుతున్నప్పుడు నమలడానికి ఏదైనా ఇచ్చి పక్కగదిలోకి వెళ్లండి. అరనిమిషంలో వచ్చేయండి, అది ఏడవక ముందే. తర్వాత నిమిషం, రెండు, ఐదు. రాత్రి రెండింటికి చీకట్లో కాదు ఆ పాఠం.

పాతకాపు:
అడిగారు కాబట్టి నిజం చెప్తాను. లేదు, ఉంచలేదు. ఆ ఏడాది నేను ఇంట్లోనే ఉండి పనిచేశాను. పగలూ అది నా కాళ్ల దగ్గరే. ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు.

అయినా నా పట్టు పూర్తిగా వదలను. పొద్దున్నే డ్యూటీకి వెళ్లేవాళ్లు, పసిపిల్లలున్నవాళ్లు రాత్రికి రెండుసార్లు లేచి నెలల తరబడి చేయగలరా? చేయలేక పదో రోజున విసుగొచ్చి అరిచేకంటే, మొదటి నుంచే చోటు ఖాయం చేయడం ఆ ప్రాణికీ మేలు కాదా?

అర్ధరాత్రి అలారం:
మహా అయితే రెండు నెలలండి. నాలుగు నెలల వయసు వచ్చేసరికి చాలా పిల్లలు నిద్రలో ఉంటే రాత్రంతా ఆపుకోగలుగుతాయి. ఇంట్లో ఇద్దరుంటే వంతులు వేసుకోవచ్చు. మూడోరాత్రి గారూ, మీ అన్నయ్యకు ఒక అలారం ఇవ్వండి, ఏడుపు మీద అభిప్రాయం ఉన్నవాళ్లు ఒక రాత్రి దగ్గరుండి చూడటం మంచిది.

తెల్లకోటు పక్కన:
నేను జంతువుల ఆసుపత్రిలో డాక్టర్లకు సహాయకురాలిగా పనిచేస్తాను. "ఏడిస్తే పట్టించుకోకండి" అనే సలహా అంటే నాకు భయం. వాంతులు, నీళ్ల విరేచనాలు, తిండి మానేయడం, డీలాగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా అది శిక్షణ విషయం కాదు. పార్వో (పేగులకు సోకే వైరస్) లాంటి జబ్బు ఈ వయసు పిల్లల ప్రాణం రెండు మూడు రోజుల్లోనే తీసేయగలదు. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, ఫోన్ చేయండి. మరీ చిన్న జాతుల పిల్లలైతే ఎక్కువసేపు తినకపోతే షుగర్ పడిపోయి వణుకుతాయి, తూలుతాయి. తలుపు అవతల ఉంటే ఇవేవీ కనబడవు. నా వరకు, మొదటి వారం గదిలో ఉంచుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

టీకాలన్నీ అయ్యేదాకా, అంటే సుమారు 16 వారాల దాకా, గడప దాటించకూడదు అనేవాళ్లకు కూడా ఒక మాట. పిల్ల కొత్తవాటిని భయం లేకుండా ఒప్పుకునే వయసు సుమారు 3 వారాల నుంచి 12–14 వారాల వరకే. ఊరకుక్కలు తిరిగే నేల మీద దించకండి, కానీ ఎత్తుకుని చూపించండి. గొడుగు, బండి చప్పుడు, గడ్డం ఉన్న మనిషి, చిన్నపిల్లలు, అన్నీ.

గడపలోపల:
తప్పుచోట మూత్రం పోస్తే ముక్కు అందులో రుద్దాలని మా ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. రాత్రి పక్కలోనే పోసుకుంటే ఏం చేయాలి?

అర్ధరాత్రి అలారం:
రుద్దకండి, దయచేసి. దానికి అర్థమయ్యేది ఒక్కటే, మనిషి కళ్లెదుట పోస్తే ప్రమాదమని. తర్వాత సోఫా వెనక దాక్కుని పోస్తుంది. మౌనంగా తుడవండి. అమ్మోనియా ఉన్న ద్రవాలు వద్దు, వాటి వాసన దానికి మూత్రంలాగే తగులుతుంది. పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైమ్ ద్రవం వాడండి. మర్నాడు అలారం ముప్పావుగంట ముందే మోగేలా పెట్టండి.

మూడోరాత్రి:
ఇవాళ ఏడో రోజు. అందరికీ చాలా థాంక్స్. పెట్టె మంచం పక్కకు వచ్చింది. మొదటి రెండు రాత్రులు వేళ్లు లోపల పెట్టే పడుకున్నాను, చెయ్యి మొద్దుబారిపోయింది. నిన్న పన్నెండున్నరకు, మూడున్నరకు అలారం. రెండుసార్లూ అది నిద్రలోనే ఉంది, ఎత్తుకుంటే ఆవలించింది. పగటి పాఠం నాలుగు నిమిషాల దగ్గర ఆగింది, ఐదో నిమిషానికి తలుపు దగ్గరకు వస్తోంది. పాతకాపు గారి తలుపు గుర్తొచ్చి తొందరపడట్లేదు.

అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు. కానీ మూడున్నర అలారం అతనిదే.