జంప్ స్కేర్‌ని ఉత్కంఠ అనొచ్చా?

ప్రశ్న: హారర్ సినిమాల గురించి రాసేటప్పుడు జంప్ స్కేర్‌కి, అంటే హఠాత్తుగా అదరగొట్టే సీనుకి, తెలుగులో ఏ మాట వాడాలి? ఎక్కడ చూసినా ‘ఉత్కంఠభరిత సన్నివేశాలు’ అని సరిపెట్టేస్తున్నారు. అటక మీంచి పిల్లి దూకుతుంది, హాలంతా అదిరిపడుతుంది, తర్వాత ‘ఓస్, పిల్లేనా’ అనుకుంటాం. అదీ ఉత్కంఠేనా?

జవాబు: కాదండీ. ఉత్కంఠలో మెడ నిక్కించి ఎదురుచూడటం ఉంది. అష్టవిధ నాయికల్లో విరహోత్కంఠిత ఉంది కదా, వస్తానన్న వేళకు నాయకుడు రాక తపించిపోయే స్త్రీ. ఆ మాటను ఇవాళ సస్పెన్స్‌కి వాడుతున్నాం, చక్కగానే అతికింది. తేడా ఒక్కటే: హారర్‌లో రాకూడదనుకున్నదాని కోసం ఎదురుచూస్తాం.

పిల్లి దూకగానే ఆ ఎదురుచూపు పుటుక్కున తెగిపోతుంది. ఆ క్షణానికి మనకు ఉలికిపాటు అనే మంచి మాట ఉంది. నాట్యశాస్త్రం రాసిన భరతుడు కూడా నిలిచి ఉండే భయాన్నీ, ఒక్క క్షణం అదురునీ కలపలేదు. భయం స్థాయీభావం, అంటే మనసులో నిలిచి ఉండేది. త్రాసం అలా వచ్చిపోయే 33 వ్యభిచారీ భావాల్లో ఒకటి, పిడుగు పడితేనో మృగం అరిస్తేనో కలిగేది. ఏమవుతుందోననే శంక మళ్లీ వేరే భావం.

అసలైన ఉత్కంఠ కావాలంటే విరాటపర్వంలో కీచకవధ తీయండి. చీకటి నర్తనశాల. పడక మీద భీముడు. కీచకుడు ముస్తాబై, సైరంధ్రి ఉందనుకుని వస్తాడు, చీకట్లో చెయ్యి వేస్తాడు. పడక మీద ఎవరున్నారో మనకు ముందే తెలుసు, వాడికి తెలీదు. అందుకే వాడు వేసే ప్రతి అడుగుకీ మనకు టెన్షన్. తిక్కన ఆ సంగతి దాచి ఉంటే మనకు ఒక్క ఉలికిపాటు మిగిలేది, అంతే. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్, ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో చెప్పిన బల్లకింది బాంబు ఉదాహరణ కూడా ఇదే. బాంబు ఉందని ప్రేక్షకుడికి చెప్పకపోతే 15 సెకన్ల అదురు, చెబితే 15 నిమిషాల ఉత్కంఠ.

ఇంకొకరు: పిల్లి విషయానికి రజ్జుసర్పభ్రాంతి అంటే సరిపోదా? పామనుకున్నాం, తాడని తేలింది.

జవాబు: దగ్గరగా ఉంది గానీ సరిపోదండీ. తాడు ఎవర్నీ మోసం చెయ్యాలని అక్కడ పడి లేదు, పొరబడింది మన కళ్లే. సినిమాలో పిల్లిని ఆ చీకట్లో పెట్టింది దర్శకుడు.

1942లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘క్యాట్ పీపుల్’లో బస్సు సీను దీనికి ఆదిగురువు. నిర్మాత వాల్ లూటన్, దర్శకుడు జాక్ టర్నర్, ఎడిటర్ మార్క్ రాబ్సన్. రాత్రి పార్కు గోడ పక్కన ఆలిస్ నడుస్తుంటుంది. వెనక ఇరీనా. కోపం వస్తే చిరుతగా మారిపోతానని భయపడే మనిషి ఆమె. సంగీతం లేదు, ఇద్దరి మడమల టకటకలే. కాసేపటికి వెనక టకటక ఆగిపోతుంది. ఆలిస్ తిరిగి చూస్తే రోడ్డు మీద ఎవరూ లేరు. నడక కాస్తా పరుగవుతుంది, దీపస్తంభం పట్టుకుని నిలబడుతుంది. అంతలో బుస్సుమని, మృగం గుర్రుమన్నట్టే ఓ చప్పుడు. ఏదో తెరలోకి దూసుకొస్తుంది. చూస్తే సిటీబస్సు! ఆ చప్పుడు దాని బ్రేకులది. ఇలాంటి కిటుకుని ఇప్పటికీ ‘లూటన్ బస్సు’ అనే పిలుస్తారు.

ఇక్కడ ఉలికిపాటు మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. గుండె నిజంగానే ఝల్లుమంది. అబద్ధమాడింది ఆ చప్పుడు. అందుకని ఇలాంటి కిటుకుని ‘ఉత్తుత్తి ఉలికిపాటు’ అనకూడదని నా అభిప్రాయం. ‘ఉత్తుత్తి అలికిడి’ అందాం. అలికిడి ఉత్తుత్తిది, ఉలికిపాటు అసలుది. రెండు మాటలూ మన నోట రోజూ నలిగేవే, కొత్తగా పుట్టించక్కర్లేదు.

ఇంకో విషయం. బస్సు రాగానే ‘ఏమీ లేదులే’ అని మనం ఊపిరి పీల్చుకుంటాం. కానీ వెంటనే వచ్చే సీనులో గొర్రెలు చచ్చి పడుంటాయి, బురదలో పంజా గుర్తులు పోనుపోను ఆడమనిషి చెప్పుల గుర్తులవుతాయి. అంటే అలికిడి అబద్ధమైనా ఆపద నిజమే. నాసిరకం సినిమాల్లో ఇదే కొరవడుతుంది. పిల్లి దూకాక అక్కడ ఏమీ మిగలదు. రెండోసారి, మూడోసారి కూడా అదే చేస్తే ‘నాన్నా, పులి’ కథలో ఊరివాళ్లలా మనం నమ్మడం మానేస్తాం, నిజం పులి వచ్చినా కదలం.

మొదటివారు: బాగుందండీ. మరి ముందు ఏ చప్పుడూ లేకుండా అదరగొడితే? 1976 ‘క్యారీ’ చివర్లో సమాధి దగ్గర పూలు పెడుతుంటే చెయ్యి బయటికొచ్చి పట్టుకుంటుంది కదా.

జవాబు: అక్కడ అలికిడే లేదు, పైగా సంగీతం జోకొడుతుంటుంది. కథ అయిపోయిందని మనం లేవబోతుండగా వస్తుంది. దాన్ని ఒట్టి ఉలికిపాటు అనే రాస్తాను. తర్వాత అది కల అని తేలుతుంది గానీ, అప్పటికే హాలంతా ఉలిక్కిపడి ఉంటుంది.