పోర్టల్‌ను ద్వారం అనాలా, వేదిక అనాలా?

ప్రశ్న: వరంగల్, కరీంనగర్, మంచిర్యాల శాఖల ఉద్యోగుల కోసం మా సంస్థ పోర్టల్‌ను తెలుగులోకి మారుస్తున్నాం. సర్క్యులర్లు, సెలవు నియమాలు, ఫారాలు, జీతం స్లిప్పులు అన్నీ అందులోనే ఉంటాయి. 'సమాచార ద్వారం' అని రాస్తే మేనేజరు గారు నవ్వారు. వేరే మాట ఉందా?

హనుమకొండ సభ్యురాలు: ఆయన నవ్వులో న్యాయం ఉందండీ. లాటిన్ 'పోర్టా' ద్వారమే, కాదనను. కానీ ద్వారం దాటి వెళ్లిపోతాం, పోర్టల్‌లో కూర్చుని పని చేస్తాం. తెలుగు వికీపీడియా 'వేదిక' అంది. కొంత నయం. అయితే వేదిక అనగానే నాకు మైకు, శాలువా గుర్తొస్తాయి!

విశ్రాంత అధ్యాపకుడు: తోరణం అనండి. ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కులా కాకతీయ తోరణాలు నిలిచే ఉన్నాయి, నడుమ గుడి మాత్రం శిథిలమైంది. చాలా సంస్థల పోర్టళ్లూ అంతే: ముందు పేజీ ఘనం, లోపల ఏనాటిదో సెలవుల జాబితా.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: పోర్టల్‌ను పోర్టల్‌గానే ఉంచండి. 2020లో తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక ఆ మాట పల్లెల్లోనూ నలిగింది. దాని స్థానంలో భూభారతి వచ్చినా ఆ మాట పోలేదు. శ్రమ లోపలి మాటల మీద పెట్టండి. 'వర్షన్'కు తెలుగు వికీపీడియాలో 'కూర్పు' స్థిరపడింది, హాయిగా వాడుకోవచ్చు. చిక్కంతా 'చెక్ అవుట్' దగ్గర. సంస్థల పోర్టళ్లకు వాడే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ షేర్‌పాయింట్‌లో, 2001 నాటి తొలి కూర్పులోనే ఉన్న సౌకర్యమిది. ఒకరు పత్రం దిద్దుతుంటే మరొకరు మార్చకుండా ఆపుతుంది. 'బయటకు తీయండి' అని రాస్తే ఫైలు పోతుందేమోనని భయపడతారు. 'దిద్దడానికి తీసుకోండి', 'తిరిగి అప్పగించండి' అని రాయండి.

ప్రశ్న అడిగినవారు: బాగుంది. మరి 'సెలవు' అని వెతికితే 'లీవ్ పాలసీ' రావడం లేదే?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: ఆ పత్రంలో 'సెలవు' అన్న మాట ఎక్కడా లేకపోతే మామూలు సెర్చ్‌కు అది కనిపించదు. ప్రతి పత్రానికీ గుర్తుమాటలు జోడించండి. ఆ జాబితా రాయాల్సింది మనం కాదు, మంచిర్యాల శాఖలో రోజూ ఫోన్లు ఎత్తే గుమాస్తా. ఎవరు ఏ మాటతో ఏది అడుగుతారో ఆయనకే తెలుసు.

విశ్రాంత అధ్యాపకుడు: 'లీవ్' కాదు, 'లీవు' అని రాయించండి. తెలుగు మాట అజంతం, అంటే అచ్చుతో ముగుస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: రెండూ పెట్టించండి మాస్టారూ, జనం రెండు రకాలుగానూ టైపు చేస్తారు.