తెలుగు సిద్ధాంత గ్రంథం: వేరే కంప్యూటర్లో తెరిస్తే ఫాంటు, పేజీలు, వత్తులు అన్నీ మారిపోతున్నాయి

గోదారిగట్టు:
తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. సిద్ధాంత గ్రంథాన్ని వర్డ్‌లో గౌతమి ఫాంటుతో టైపు చేశాను. నా దగ్గర చక్కగా ఉన్న ఫైలు మా గైడుగారి కొత్త ల్యాప్‌టాప్‌లో వేరే అక్షరాలతో తెరుచుకుంటోంది. పేజీలు తగ్గిపోయి, విషయసూచికలో అంకెలన్నీ తప్పుతున్నాయి. కొన్ని పేరాల్లో కింది వత్తులు సగానికి తెగుతున్నాయి. ఫుట్‌నోట్లను 12 సైజుకు మార్చినా, కొత్తగా చేర్చినవి మళ్లీ చిన్నగానే వస్తున్నాయి. మూడో అధ్యాయం బయట ఒక డీటీపీ సెంటరులో అను ఫాంటులో చేయించాను, దాన్నీ మిగతావాటితో కలపాలి. వచ్చే వారమే సమర్పించాలి. దయచేసి సాయం చేయండి.

నల్లగొండ_మాస్టారు:
ముందు పేరా గుర్తులు కనిపించేలా పెట్టుకోండి. కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కితే చాలు, స్పేస్‌బారుతో జరిపిన చోట్లన్నీ చుక్కలుగా బయటపడతాయి. మా బడుల ప్రశ్నపత్రాలకు పట్టిన పీడ ఇదే. ‘జతపరచండి’ ప్రశ్నలో కుడి వరుసను స్పేస్‌బారు కొట్టి నిలబెడతారు. అచ్చువేసే చోట ఫాంటు మారగానే వరుస చెదిరిపోతుంది, ఏ పదం దేనికి ఎదురుగా ఉందో తెలియక పిల్లలు పరీక్ష హాల్లో అల్లాడతారు. మా మండలంలో నన్ను అడిగిన ప్రతివారి చేతా గీతలు కనిపించని పట్టిక వేయించాను. ఆ తర్వాత ఒక్క పత్రమూ చెదరలేదు.

అచ్చుపని:
పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 6.5 రోజుల నుంచి ఈ వృత్తిలో ఉన్నవాణ్ని. నా చేతుల మీదుగా వెళ్లిన పుస్తకాలు తెలుగునాట ప్రతి గ్రంథాలయంలోనూ కనిపిస్తాయి. గోదారిగట్టు గారూ, మూడో అధ్యాయం జోలికి పోవద్దు. మిగతా అధ్యాయాలనే అనులోకి మార్పించండి. అక్షరం నిండుగా ఉంటుంది, వత్తు దిట్టంగా కూర్చుంటుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. వర్డ్‌లో అను వాడేముందు ఆటోకరెక్ట్ ఆపేయాలి. వాక్యంలో మొదటి అక్షరాన్ని అది ఇంగ్లీషు అనుకుని పెద్దక్షరం చేస్తుంది, దాంతో మనకు ఇంకో తెలుగు అక్షరం కనిపిస్తుంది. నిటారు కొటేషన్లను వంపు కొటేషన్లుగా మార్చే సదుపాయాన్నీ ఆపాలి. ఇవి తెలియనివాళ్లే అనును తిడతారు.

అక్షరదీపం:
మీరు చెప్పిన జాగ్రత్తలోనే అసలు రోగం ఉంది. ఆ ఫైలులో ఉన్నవి ఇంగ్లీషు సంకేతాలు, వాటికి తెలుగు ముసుగు వేశారు. ఫాంటు లేని యంత్రంలో ముసుగు తొలగి పిచ్చిరాతలు మిగులుతాయి. పరిశోధన గ్రంథాన్ని అలా ఇమ్మని సలహా ఇవ్వడం అన్యాయం. రేపు అది పీహెచ్‌డీ గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలోకి ఎక్కుతుంది. అక్కడ ‘గురజాడ’ అని వెతికినవారికి ఒక్క పేజీ కూడా దొరకదు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ 1991లో తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. ఇన్నేళ్ల తర్వాతా పాత సంకేతాల్లోనే రాయించాలా?

అచ్చుపని:
శోధ్‌గంగ సంగతి మీరు చూసుకోండి, అచ్చు సంగతి నేను చెబుతున్నాను. యూనికోడ్ ఫైలు తెచ్చి పేజ్‌మేకర్‌లో పెట్టమంటారు, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో పెడితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. అర్ధరాత్రి ప్లేట్లు వేయాల్సినవాడికి ఈ బాధ తెలుస్తుంది, ఉపన్యాసాలు ఇచ్చేవారికి తెలియదు.

అక్షరదీపం:
కంపోజర్ ఎంచుకోవడానికి ఒక్క నిమిషం చాలు. దాని కోసం భాషనే బంధించి పెడతామా? మీలాంటి నిపుణులు పట్టుబట్టి వద్దనబట్టే ఎంతోమంది రచయితల సర్వస్వాలు ఎవరూ తెరవలేని ఫైళ్లలో ఉండిపోయాయి. మా నాన్నగారి వ్యాసాలు అలాంటి ఫైళ్లలో చిక్కుకుంటే, అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని మొత్తం మళ్లీ టైపు చేశాను. నాకు కోపం వస్తోందంటే కారణం ఉంది.

అచ్చుపని:
మీ నాన్నగారి పుస్తకం అచ్చయింది కాబట్టే మీరు చూసి టైపు చేయగలిగారు. దాన్ని అచ్చువేసింది మాలాంటివాళ్లే. కొంచెం గౌరవం ఉంచండి.

కథకురాలు:
అయ్యా, మీ ఇద్దరికీ నమస్కారం. యూనికోడ్‌లో రాసినా మాకు సుఖం లేదు. నేను ‘సాఫ్ట్‌వేర్’ అని రాసి పంపిస్తే పత్రికలో ‘సాఫ్ట్వేర్’ అని వస్తుంది. ‘ఫేస్‌బుక్’లో బకారం కాస్తా వత్తుగా మారి సకారం కింద చేరుతుంది. పొల్లు తర్వాత విడిగా నిలబెట్టే కనిపించని గుర్తును ఎవరో మధ్యలో తీసేస్తున్నారు. కథంతా నగరంలో ఉద్యోగం చేసే అమ్మాయి గురించి. ప్రతి పేరాలోనూ ఆ వికారపు అక్షరాలే. పాఠకులు నాకు రాయడం రాదనుకోరా?

పత్రిక_డల్లాస్:
కథకురాలు గారూ, సంపాదకులు కావాలని తీయరు. వర్డ్ నుంచి వెబ్‌సైటులోకి అతికించినప్పుడు వెంట వచ్చే చెత్తను తొలగించడానికి కొందరు శుద్ధి చేసే స్క్రిప్టులు వాడతారు. కంటికి కనిపించని గుర్తులన్నీ చెత్తేనని అవి తుడిచేస్తాయి. మేము మా స్క్రిప్టులో ఆ ఒక్క గుర్తుకు మినహాయింపు పెట్టాం. కానీ రచయితలూ దయచేసి వినాలి. పంక్తి పంక్తికీ ఎంటర్ కొట్టి పంపకండి. వరసగా మూడు అడ్డగీతలు కొట్టి ఎంటర్ నొక్కితే వర్డ్ దాన్ని పేజీ వెడల్పు గీతగా మారుస్తుంది, అది మా దగ్గరికి వచ్చాక ఎంత తుడిచినా పోదు.

కథకురాలు:
ఆ గీత రాగానే కంట్రోల్, జడ్ నొక్కితే గీత పోయి అడ్డగీతలు మిగులుతాయి. ఉండిపోయిన గీతైతే పేరాకు అంచుగా ఉంటుంది, బోర్డర్ తీసేయాలి. తుడిస్తే పోదు. రచయితలకు కూడా కొంత తెలుసండీ.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. నా ఫాంటు, ఫుట్‌నోట్ల సంగతి ఎవరైనా చెప్పగలరా?

తాళాలగుత్తి:
చెబుతాను. గౌతమి విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది, వాణి విండోస్ 7తో, నిర్మలా యూఐ విండోస్ 8తో. విండోస్ 10 వచ్చేసరికి గౌతమినీ వాణినీ ఐచ్ఛిక భాగాల్లోకి నెట్టారు. మీ గైడుగారి యంత్రంలో గౌతమి లేదు కాబట్టి దాని స్థానంలో నిర్మల కూర్చుంటుంది. గౌతమి పంక్తి ఎత్తు చాలా ఎక్కువ, అందుకే ఫాంటు మారగానే పేజీలు తగ్గాయి. సెట్టింగ్స్‌లో ఐచ్ఛిక ఫీచర్లలో ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ చేర్పించండి. లేదా వర్డ్ ఆప్షన్లలో ‘సేవ్’ విభాగానికి వెళ్లి ఫాంట్లను ఫైలులో పొదిగించండి. అక్కడే సాధారణ సిస్టమ్ ఫాంట్లను పొదగవద్దు అనే గడి ఉంటుంది, దాని టిక్కు తీసేయాలి. ఆ టిక్కు అలాగే వదిలేసి, పొదిగినా పనిచేయలేదని చాలామంది అంటారు.

వత్తులు తెగడానికి కారణం పంక్తుల మధ్య దూరం. ఆ పేరాల్లో ‘ఎగ్జాక్ట్‌లీ’ అని ఉండి పక్కన ఏ 14 పాయింట్లో ఉంటాయి. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. తెలుగుకు పైన గుడి, కింద వత్తు రెండూ పట్టాలి. ‘మల్టిపుల్’గా మార్చండి.

అచ్చుపని:
తాళాలగుత్తి గారు చెప్పిన పంక్తి దూరం సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. ‘స్త్ర్య’ లాంటివి వచ్చిన చోట ఎంత దూరం పెట్టినా ఒకసారి కంటితో చూడాలి.

లిబ్రేవాది:
ఫుట్‌నోట్ల సంగతి నేను చెబుతాను, ఇంతమంది మాట్లాడినా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తెలుగు ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’ కింద లెక్క. ఒకే స్టైలులో ఇంగ్లీషుకు ఒక ఫాంటు, సైజు ఉంటాయి, తెలుగుకు వేరే ఫాంటు, సైజు ఉంటాయి. ఫుట్‌నోట్‌ను ఎంపిక చేసి 12 చేస్తే ఆ ముక్క ఒక్కటే మారుతుంది, కొత్తది మళ్లీ స్టైలు ప్రకారమే వస్తుంది. స్టైల్స్‌లో ‘ఫుట్‌నోట్ టెక్స్ట్’ తెరిచి, ఫాంటు పెట్టెలో కాంప్లెక్స్ స్క్రిప్ట్ కింద ఉన్న సైజును 12 చేయండి. వర్డ్‌కు బదులు వాడుకోగల లిబ్రే ఆఫీసులో ఈ రెండూ ఎదురుగానే విడివిడిగా కనిపిస్తాయి, పైగా డబ్బు కట్టక్కర్లేదు. విశ్వవిద్యాలయాలు దాన్ని ఎందుకు పట్టించుకోవో నాకు అర్థం కాదు.

నల్లగొండ_మాస్టారు:
లిబ్రే ఆఫీసులో చేసిన పట్టిక వర్డ్‌లో తెరిస్తే వెడల్పులు మారుతున్నాయి. పరీక్ష ముందురోజు అది చూస్తే గుండె ఆగినంత పనైంది.

లిబ్రేవాది:
రెండింటి మధ్యా ఫైలును అటూ ఇటూ తిప్పితే అలాగే అవుతుంది మాస్టారూ. ఒకదాంట్లో మొదలుపెట్టి దాంట్లోనే ముగించాలి. అచ్చుకు పీడీఎఫ్ ఇవ్వాలి.

అక్షరదీపం:
మూడో అధ్యాయానికి: అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మీది అను 6 ఫాంటో, అను 7 ఫాంటో ముందు తేల్చుకోండి, రెండింటి సంకేతాలూ ఒకటి కావు. మార్చిన పాఠాన్ని ‘కీప్ టెక్స్ట్ ఓన్లీ’ పద్ధతిలో అతికించండి, లేకపోతే పాత ఫాంటు వెంట వస్తుంది. అచ్చుపని గారికి నా మాట కటువుగా తగిలి ఉండవచ్చు, అయినా నా అభిప్రాయం మాత్రం మారదు.

అచ్చుపని:
నాదీ మారదు. మార్చిన పాఠంలో సంయుక్తాక్షరాలు, అంకెలు, కొటేషన్లు తప్పకుండా దిద్దుకోండి. యంత్రం దిద్దిందని నమ్మి సంతకం పెట్టవద్దు.

గోదారిగట్టు:
ఫుట్‌నోట్లు నిలబడ్డాయి, లిబ్రేవాది గారికి ఎంతో రుణపడి ఉంటాను. వత్తులు తెగడం లేదు. మొత్తం ఎంపిక చేసి ఎఫ్9 నొక్కితే విషయసూచిక అంకెలూ సరిపోయాయి. మూడో అధ్యాయం దిద్దుతున్నాను. ఇంకో చిక్కు వచ్చింది. అనుబంధంలో ఒక పెద్ద పట్టిక కోసం అడ్డంగా తిప్పిన పేజీ ఉంది. దాని ముందున్న ఖాళీ పేజీని తుడవగానే నిలువు పేజీలన్నీ అడ్డం తిరిగాయి.

కోర్టుబల్ల:
మా అఫిడవిట్ల అనుబంధాల్లో ఇది రోజూ ఉండేదే. మీరు ఖాళీ పేజీతో పాటు, నిలువు పేజీలనూ అడ్డం పేజీలనూ విడదీసే సెక్షన్ బ్రేక్ గుర్తును తుడిచారు. బ్రేక్ పోతే దాని పైనున్న భాగానికి కింది భాగం లక్షణాలు పడతాయి, అందుకే పైవన్నీ అడ్డం తిరిగాయి. వెంటనే అన్‌డూ చేయండి. ఖాళీ పేజీ పోవాలంటే కింది సెక్షన్‌లో కర్సరు పెట్టి, పేజ్ సెటప్‌లో లేఅవుట్ కింద సెక్షన్ ‘న్యూ పేజ్’తో మొదలయ్యేలా ఉందో లేదో చూడండి. అక్కడ ‘ఆడ్ పేజ్’ అని ఉంటే బేసి పేజీ కోసం మధ్యలో ఖాళీ పేజీ పుడుతుంది. పట్టిక తర్వాతి పేజీల్లో ఫుటరు వేరుగా కావాలంటే ‘లింక్ టు ప్రీవియస్’ ముందు తీసేసి, ఆ తర్వాతే మార్చండి.