కాలనీలో ప్లాస్టిక్ వాడకం తగ్గించాలంటే ప్రచారం ఎలా చేయాలి?

ప్రశ్న: పోయిన ఆదివారం పిల్లలతో ర్యాలీ తీశాం, అందరూ మెచ్చుకున్నారు, సోమవారం పొద్దున చూస్తే మళ్లీ అవే కవర్లలో కూరగాయలు. వాన పడితే కవర్లు అడ్డుపడి కాలువ నీళ్లు రోడ్డు మీదకి వస్తున్నాయి. నిజంగా మార్పు రావాలంటే ఏం చేయాలి?

జవాబు 1: సంచి చేతిలో లేనప్పుడు ఎంత చెప్పినా కవరే అడుగుతారండీ. మేం పాత చీరలతో సంచులు కుట్టించి కూరగాయల బండి దగ్గరే వేలాడదీశాం, మర్చిపోయి వచ్చినవాళ్లు తీసుకెళ్లి మర్నాడు తెచ్చిపెట్టాలి. కొన్ని తిరిగి రాలేదు, అయినా పర్వాలేదు.

జవాబు 2: ఫంక్షన్ల సంగతి కూడా చూడండి, ఒక్క భోజనంలోనే బోలెడు చెత్త. సిద్దిపేట వైపు ఊళ్లలో స్టీల్ బ్యాంకులు పెట్టారు, పళ్లేలు, గ్లాసులు తీసుకెళ్లి కడిగి తిరిగి ఇచ్చేయడమే. మీ అసోసియేషన్ ఓ వంద పళ్లేలతో మొదలుపెట్టొచ్చు.

జవాబు 3: షాపులవాళ్లతో గొడవ పెట్టుకోకండి, కూర్చుని మాట్లాడండి. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు, స్ట్రాలు దేశమంతటా నిషేధం, అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు కూడా. చాలామందికి ఈ సంగతే తెలియదు, తెలుగులో రాసి షాపులో అంటించండి.

ప్రశ్న వేసినవారు: చాలా థాంక్సండీ. ముందు సంచులతో మొదలుపెడతాం, మా అమ్మ ఇప్పటికే నాలుగు చీరలు తీసి పెట్టింది.