లెమన్ డ్రాప్‌లో మన నిమ్మకాయ పిండితే అది లెమన్ డ్రాపేనా?

శనివారం_సాయంత్రం (మియాపూర్)

పోయిన శనివారం ఆఫీసు బ్యాచ్ ఆరుగురం మా ఇంట్లో కూర్చున్నాం. ఎప్పుడూ ఆ బీరూ విస్కీయేనా అని ఈసారి కాక్‌టెయిల్ చేస్తానని గొప్పలు పోయా. లెమన్ డ్రాప్. వీడియోలో చెప్పిన కొలతే పెట్టా: వోడ్కా 60 మి.లీ., నిమ్మరసం 30, ట్రిపుల్ సెక్ (నారింజ వాసన ఉండే తీపి లిక్కర్) 15, చక్కెర పాకం 15. గ్లాసు అంచుకి చక్కెర కూడా అద్దా. మొదటి గుక్కకే అందరి మొహాలూ చింతకాయ కొరికినట్టు అయ్యాయి. ఒకడైతే "ఇది గిన్నెలు తోమడానికి పనికొస్తుంది, పారబోయకు" అన్నాడు.

మా బావమరిది అట్లాంటాలో ఉంటాడు. వీడియో కాల్‌లో గ్లాసు చూపిస్తే, "బావా, నువ్వు పిండింది లెమన్ కాదు, లైమ్. నువ్వు చేసింది కామికాజి అనే వేరే కాక్‌టెయిల్" అని తేల్చేశాడు. ఆ గొడవ పన్నెండింటి దాకా నడిచింది.

నా మాట ఇది. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషులో దీన్ని లెమన్ అనే అన్నాం. లెమన్ రైస్‌లో పిండేది ఇదే, లెమన్ టీలో పిండేదీ ఇదే. మన దగ్గర లెమన్ అంటే ఈ కాయే. మీరేమంటారు?

ఫ్రిస్కో_పద్మ

కాయ గురించి మీ బావమరిది చెప్పింది నిజమే. టెక్సాస్ వచ్చిన కొత్తలో నేను పులిహోరకని పసుపు రంగు కాయలు తెచ్చా, నిమ్మపండ్లే కదా అని. పులుపు ఉంది కానీ వాసన వేరు. మా ఆయన "ఇందులో ఏం పిండావ్, గిన్నెల సబ్బా?" అన్నారు. అవీ లెమన్స్ అంటే. కోడిగుడ్డంత కాయ, మందపాటి తొక్క, కొసన చిన్న ముచ్చిక. పక్క గంపలో ఆకుపచ్చగా, గింజల్లేకుండా ఉండేవి పర్షియన్ లైమ్స్. మన నిమ్మకాయ ఈ రెండూ కాదు. దాన్ని ఇక్కడ కీ లైమ్ అంటారు, మెక్సికన్ షాపుల్లో చిన్న వల సంచీలో కట్టి అమ్ముతారు.

కానీ కామికాజి అంటే నేను ఒప్పుకోను. అందులో వోడ్కా, ట్రిపుల్ సెక్, లైమ్ రసం మూడూ సమానం, తలా 30. పాకం పోయరు, అంచుకి పంచదార అద్దరు.

చార్మినార్_చాయ్

అయితే పద్మక్కా, అది లెమన్ డ్రాపూ కాదు, కామికాజీ కాదు. మరి ఏమిటి?

నా లెక్క సింపుల్. పప్పులో మామిడికాయ వేస్తే మామిడికాయ పప్పు, దోసకాయ వేస్తే దోసకాయ పప్పు. దోసకాయ వేసి, మామిడికాయ పప్పు అని వడ్డిస్తే మీ ఇంట్లో ఊరుకుంటారా? ఈ డ్రింకుకి పేరు పెట్టిందే లెమన్ డ్రాప్ అనే చప్పరించే బిళ్ల మీద. 1970లలో శాన్ ఫ్రాన్సిస్కోలో నార్మన్ జే హాబ్‌డే నడిపిన హెన్రీ ఆఫ్రికాస్ అనే బార్లో పుట్టిందని చెబుతారు. ఆయన ఏ కాయ పిండాడో ఆ కాయ పిండాలి. లేదంటే వేరే పేరు పెట్టుకోవాలి. గొడవే లేదు.

గూడూరు_కుర్రోడు

మా ఊరి కాయని ఇంత మాట అంటారా! మాకు నాలుగెకరాల నిమ్మతోట ఉంది, మార్కెట్‌కి బస్తాలు మోసిన వాడిని కాబట్టి చెబుతున్నా. మియాపూర్ అన్నా, మీరు ఏ కాయ పిండారు? ముదురాకుపచ్చగా, గట్టిగా ఉన్నదా? అది పండకముందే కోసిన కాయ. లారీలో నాలుగు రోజులు నిలబడాలని అలా కోస్తాం. రసం తక్కువ, పులుపు కోస్తుంది. పసుపు తిరిగి, తొక్క పల్చబడి, వేలితో నొక్కితే కాస్త లోపలికి పోయే కాయ తీసుకోండి. నాలుగు పండ్లు పిండితే నాకు 55 మి.లీ. వచ్చింది. అదే పచ్చివి అయితే ఆరు పిండినా రాదు.

పిండేముందు అరచేతి కింద పెట్టి గట్టు మీద దొర్లించడం మీకు చెప్పక్కర్లేదనుకుంటా. అన్నట్టు 2022 ఏప్రిల్లో కిలో 200 దాటినప్పుడు ఎవరూ లెమనా లైమా అని అడగలేదు, దొరికితే చాలన్నారు.

ఇక చాయ్ అన్నకి. పప్పు సంగతి సరే, పులిహోర సంగతేంటి? చింతపండుతో చేస్తే పులిహోర, నిమ్మకాయతో చేస్తే నిమ్మకాయ పులిహోర, దబ్బకాయతో, మామిడికాయతో, ఆఖరికి ఉసిరికాయతో చేసినా పులిహోరే. పులుపు మారితే ముందు ఒక మాట చేరుతుంది, అంతే. ఇంటి పేరు పోదు.

చార్మినార్_చాయ్

పులిహోర పేరులో చింతపండు లేదు తమ్ముడూ. లెమన్ డ్రాప్ పేరులో లెమన్ ఉంది. అదీ తేడా.

తూకం_మాస్టారు

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పిన వాడిని, ఈ గొడవలో పేరు గురించి నాకు పట్టింపు లేదు. ఒక తప్పు లెక్క మాత్రం దిద్దాలి. లైమ్ అంటే బాగా పులుపు, లెమన్ అంటే తక్కువ పులుపు అని చాలామంది అనుకుంటారు. పర్షియన్ లైమ్‌లో, లెమన్‌లో ఆమ్లం దాదాపు ఒకటే, సుమారు 6 శాతం. మన కాగ్జీ నిమ్మ వీటికన్నా ఒక మెట్టు పైన ఉంటుంది. లెమన్‌లో దాదాపు అంతా సిట్రిక్ ఆమ్లమే. లైమ్‌లో దానితో పాటు మాలిక్ ఆమ్లం కూడా కొంత ఉంటుందంటారు. పచ్చి ఆపిల్ కొరికితే నాలుక మీద ఆగిపోతుందే, ఆ పులుపు అన్నమాట. అందుకేనేమో మన కాయ రసం మింగిన తర్వాత కూడా పట్టుకుని ఉంటుంది.

కాబట్టి లెమన్ 30 అన్నచోట మన నిమ్మరసం 22 నుంచి 25 పోస్తే సరిపోతుంది. కాయల లెక్కన వద్దు, మి.లీ. లెక్కన పోయండి. దగ్గుమందు సీసా మూత ఉన్నా చాలు, గీతలు ఉంటాయి.

ఇంతకీ శనివారంగారూ, మీరు పాకం ఎలా చేశారు?

శనివారం_సాయంత్రం

మా అమ్మ బూందీ లడ్డూలకి చేసినట్టే మాస్టారూ. తీగ పాకం వచ్చేదాకా మరిగించి చల్లార్చా.

తూకం_మాస్టారు

దొరికింది దొంగ.

అది లడ్డూల పాకం నాయనా. కాక్‌టెయిల్‌కి పాకం అక్కర్లేదు, చక్కెర నీళ్లు చాలు. ఒక గ్లాసు పంచదార, ఒక గ్లాసు నీళ్లు, పంచదార కరగగానే స్టవ్ కట్టేయడం. పొంగు కూడా రానక్కర్లేదు. తీగ పాకం చల్లారితే జిగురులా అవుతుంది. సగం కొలత మూతకే అంటుకుని ఉంటుంది, మిగతాది ఐసు తగలగానే బిగుసుకుని, మీరు కలిపి ఊపిన సీసా అడుగున కూర్చుంటుంది. మీరు సీసా కడిగినప్పుడు అడుగున ఏమైనా కనిపించిందా?

శనివారం_సాయంత్రం

కనిపించింది. వేలికి అంటింది కూడా. అది ట్రిపుల్ సెక్ అనుకున్నా 🤦

బార్_వెనక

పదకొండేళ్లు బార్ కౌంటర్ వెనక నిలబడిన వాడిని, ఇప్పుడు వేరే పనిలో ఉన్నా. రెండు మూడు మాటలు.

చాయ్ భాయ్, ఏ కాయ పేరుంటే ఆ కాయే అనే రూలు బార్లలో ఎప్పుడూ లేదు. కాస్మోపాలిటన్ అనే కాక్‌టెయిల్ తీసుకోండి. 1988లో న్యూయార్క్‌లోని ఓడియన్ రెస్టారెంట్‌లో టోబీ చెకీనీ అనే బార్టెండర్ చేసి నిలబెట్టిన రకం. అందులో వోడ్కా లెమన్ వాసనది, పిండే రసం లైమ్‌ది. రెండు కాయలూ ఒకే గ్లాసులో కాపురం చేస్తున్నాయి, ఎవరూ పంచాయితీ పెట్టలేదు.

ఇక ఇంట్లో చేసేవాళ్లు అందరూ చేసే అసలు తప్పు, పిండటం. నిమ్మకాయ పులిహోరకి స్టవ్ ఆపాకే రసం కలపాలని, చెక్కని మరీ నలిపి పిండితే చేదొస్తుందని మీ అమ్మలు చెప్పలేదా? ఇక్కడా అంతే. ఇనుప పిండేదాంట్లో పెట్టి రెండు చేతులా నొక్కితే తొక్క కింద తెల్లపొరలోని చేదంతా దిగుతుంది. ఒక్క నొక్కు నొక్కి వదిలేయండి. పొద్దున పిండి ఫ్రిజ్‌లో పెట్టుకున్న రసం సాయంత్రానికి బానే ఉంటుంది, మర్నాటికి చప్పబడి చేదు తిరుగుతుంది. సీసాలో అమ్మే రసం గురించి అడగకండి.

ఐసు: ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిందై ఉండాలి. పళ్లెంలో పావుగంట ముందే పెట్టిన ఐసు మీద నీళ్లు కారుతుంటాయి, ఆ నీళ్లన్నీ మీ గ్లాసులోకే. షేకర్ లేకపోతే జిమ్ వాళ్ల ప్రోటీన్ సీసా చాలు, మూత బిగుతుగా ఉంటే. 12 నుంచి 15 సెకన్లు, గట్టిగా. చేతికి చల్లదనం నొప్పి పుట్టించాలి. మెల్లగా ఊపితే పాకం కలవదు, మీకు జరిగింది సగం అదే.

ఇంకొకటి, దీనికి నవ్వకండి. మొదట్లో ఒక పెళ్లివారి పార్టీకి డాబా మీద ఎండలో కూర్చుని ఎనభై నిమ్మకాయలు పిండా. రెండు రోజులకి వేళ్ల మధ్యన బొబ్బలు లేచాయి, అవి తగ్గాక చాక్లెట్ రంగు మచ్చలు పడ్డాయి. ఎండాకాలమంతా పోలేదు. డాక్టరు చూసి, నిమ్మరసం చర్మానికి అంటుకుని ఎండ తగిలితే ఇలా కాలుతుందని చెప్పాడు. నీడలో పిండండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఫ్రిస్కో_పద్మ

ఆ మచ్చల సంగతి నిజం. ఇక్కడ స్విమ్మింగ్ పూల్ పార్టీల్లో లైమ్ పిండినవాళ్లకి అవుతుంటుంది, లైమ్ పిండి చేసే మార్గరీటా కాక్‌టెయిల్ మీద మార్గరీటా బర్న్ అని పేరే ఉంది దానికి.

మాస్టారూ, పులుపు లెక్క సరిచేశాం అనుకోండి. మరి వాసన? లెమన్ డ్రాప్ అంటే నాకు పులుపు కన్నా ముందు ఆ వాసన గుర్తొస్తుంది. అది మన కాయలో లేదు.

తూకం_మాస్టారు

మంచి ప్రశ్న అమ్మా. లెమన్ వాసన అని మన ముక్కు గుర్తుపట్టేది ముఖ్యంగా సిట్రాల్ అనే నూనె పదార్థాన్ని. అది రసంలో కాదు, తొక్కలో ఉంటుంది. మన నిమ్మ తొక్కలోనూ ఉంది. మనం రసం తీసుకుని తొక్క పారేస్తాం కాబట్టి వాసన కూడా చెత్తబుట్టలోకి పోతోంది.

మీ పెరట్లోనో కుండీలోనో నిమ్మగడ్డి ఉంటుంది చూడండి. దాని నూనెలో ఎక్కువ భాగం ఈ సిట్రాలే. చక్కెర నీళ్లు కాచేటప్పుడు రెండు నిమ్మగడ్డి ఆకులు ముడేసి వేయండి. స్టవ్ కట్టేశాక, రెండు పండు నిమ్మకాయల తొక్క మీది పైపొర మాత్రం సన్నగా తురిమి అందులో కలిపి, మూతపెట్టి అరగంట ఉంచి వడకట్టండి. తెల్లపొర దాకా తురమొద్దు. మిగిలింది ఫ్రిజ్‌లో వారం నిలబడుతుంది. నేను తాగను, మా ఆవిడ దాన్ని సోడాలో కలిపి మనవళ్లకి ఇస్తుంది.

చార్మినార్_చాయ్

మాస్టారూ, లెమన్ లేకుండా లెమన్ వాసన తెచ్చి లెమన్ డ్రాప్ అంటున్నారు. ఇది ఎసెన్సు వేసిన బాదంపాల కథ అయింది.

గూడూరు_కుర్రోడు

ఎసెన్సు డబ్బాలోంచి వస్తుంది, నిమ్మగడ్డి భూమిలోంచి వస్తుంది. రెండూ ఒకటేనా అన్నా?

ఫ్రిస్కో_పద్మ

శుక్రవారం రాత్రి రెండూ చేశా. ఒకటి అసలు లెమన్, 30 మి.లీ. ఇంకోటి కీ లైమ్, 22 మి.లీ., మాస్టారు చెప్పిన నిమ్మగడ్డి నీళ్లు 22. మా ఆయనకి కళ్లు మూయించి ఇచ్చా. ఏది లెమన్‌దో ఒక్క గుక్కకే చెప్పేశారు, కాబట్టి చాయ్ తమ్ముడూ, ఒక పాయింటు నీకు. రెండూ ఒకటి కాదు. కానీ ఖాళీ అయింది మాత్రం రెండో గ్లాసు.

నా తీర్పు: వేరే డ్రింకు, మంచి డ్రింకు. నేనైతే నిమ్మ డ్రాప్ అంటా.

శనివారం_సాయంత్రం

నిన్న మళ్లీ చేశా. పండు కాయలు, ఒక్క నొక్కు, నీడలో 🙂. వోడ్కా 60, రసం 22, ట్రిపుల్ సెక్ 15, నిమ్మగడ్డి చక్కెర నీళ్లు 22. మొదటి రౌండ్ కాస్త ఘాటుగా తగిలింది. వోడ్కా సీసా చూస్తే ఆల్కహాల్ 42.8 శాతం. మన దగ్గర తయారయ్యేవి చాలావరకు అంతే, వీడియోలో వాడిది 40. ఇంకో ఐదు సెకన్లు ఎక్కువ ఊపితే సర్దుకుంది. పోయినసారి గిన్నెలు తోమడానికి అన్నవాడే రెండోది అడిగాడు. అట్లాంటా బావమరిదికి చెప్పా, "ఫొటో పంపు, రుచి ఎలా నమ్మాలి" అంటున్నాడు.

ఇంకో డౌటు. మా అత్తగారు ఊరి నుంచి రెండు పెద్ద దబ్బకాయలు తెచ్చారు. తొక్క ఇంత మందం, వాసన ఇల్లంతా పరుచుకుంది. దీంతో ఎవరైనా ప్రయత్నించారా?

బార్_వెనక

రసం వద్దు, చేదుగా ఉంటుంది. పైతొక్క చెక్కి వోడ్కాలో ఒక రాత్రి నానబెట్టు, తెల్లారి తీసేయి. అంతకు మించి ఉంచితే కషాయమే.

గూడూరు_కుర్రోడు

అత్తగారు పులిహోరకి తెచ్చి ఉంటారు అన్నా. ముందు అడిగి తీసుకోండి.